గ్రాఫిక్స్ కార్డు పరుగు

"నీ సెయ్యి పడితే సాలే మెర్లినూ, నడిసే మిషను కూడా మంచమెక్కీస్తాది" అన్నాడు సైలస్, తాగేసిన కాఫీ గ్లాసు ఆవిడ పక్కనే నేల మీద పెడుతూ.

మెర్లిన్ అప్పుడు కుంపట్లో బూడిద ఎత్తుతోంది. మొగుడి మాటకి తలెత్తలేదు. పాడేరులో జనవరి మంచు ఎండెక్కితే గానీ వీడదు. అందాకా స్టూడియోకి వచ్చేవాళ్ళు చేతులు కాచుకోవడానికి నిప్పులుండాలి. ఆ నిప్పులు రాజేసేది ఆవిడే. వచ్చినవాళ్ళకి టీ పెట్టేదీ, వెనక వాటాలో అత్తగారి మోకాళ్ళకి నూనె రాసేదీ ఆవిడే. ముందు వాటాకి తగిలించిన బోర్డు మీద మాత్రం సైలస్ డిజిటల్ స్టూడియో అని ఉంటుంది. పెళ్ళిళ్ళూ బాప్తిస్మాలూ సైలస్ తీసుకొస్తాడు, వాటిని కోసి, అతికించి, రంగులు సరిచేసి, పాట కలిపి సినిమాలా చేసేది మెర్లిన్. "ఎవరు సేసేరండీ, ఎంత బాగుంది!" అని ఎవరైనా అడిగితే సైలస్ కాలరు సర్దుకుంటాడు. లోపల్నించి టీ పట్టుకొచ్చిన మనిషి వంక ఎవరు చూస్తారు?

డిగ్రీ చదివిన పిల్ల. పెళ్ళయిన కొత్తలో ఊసుపోక మౌసు పట్టుకుంది, ఇంక వదల్లేదు. కంప్యూటరు ముందు కుర్చీలో కూర్చుంటే ఆవిడకి అత్తగారి పిలుపు కూడా రెండోసారికి గానీ వినబడదు. ఇంట్లో తనదని చెప్పుకోదగ్గది ఏదైనా ఉంటే ఆ కుర్చీయే.

ఇప్పుడు దానికే ముప్పొచ్చింది. వారం నుంచి మిషను మొండికేస్తోంది. పెళ్ళికూతురు మొహం మీద పచ్చ చుక్కలు, ఎర్ర గళ్ళు. పూర్తయిన వీడియోని ఫైలుగా బయటికి తీస్తుంటే సగంలో తెర నల్లబడిపోవడం. వంటింట్లోంచి తడిచేతులతో వచ్చి ముట్టుకుంటోంది, అందుకే పాడైందని సైలస్ తీర్పు చెప్పేశాడు. అక్కడితో ఆగాడా? సాలూరులో ప్రేమ్‌కుమార్ అనే కుర్రాడితో మాట్లాడేశాడు. "సోమారం నుంచి ఆడొచ్చి కూసుంటాడు. నువ్వింక ఇంటి పని సూసుకో. అమ్మకి మోకాళ్ళు కూడా బాగోలేదు."

సోమవారం లోగా మిషను బాగుపడాలి. లేదంటే కుర్చీ పోయినట్టే.

మెర్లిన్ చెయ్యగలిగిందల్లా చేసింది. తీగలన్నీ ఊడదీసి మళ్ళీ గట్టిగా పెట్టింది. తెర మీద బొమ్మల్ని నడిపే గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లలో దుమ్ము మెత్తటి బ్రష్షుతో దులిపింది. కార్డుని నడిపించే పాత డ్రైవరు సాఫ్ట్‌వేరు తీసేసి కొత్తది వేసింది. చుక్కలు పోలేదు. అయితే ఒకటి గమనించింది. పొద్దున్నే కంప్యూటరు వేసినప్పుడు అంతా శుభ్రంగానే ఉంటోంది. అత్తగారు రాహేలమ్మ వచ్చి, కుంపటి కంప్యూటరు బల్ల కిందకి లాక్కుని, కాళ్ళు చాపుకుని కూర్చున్న కాసేపటికే చుక్కలు మొదలవుతున్నాయి. ఓరి నాయనో, నిప్పుల సెగంతా సరాసరి కార్డులోకే పోతోంది!

కుంపటి తీసి గుమ్మం దగ్గర పెడితే రాహేలమ్మ ఊరుకుంటుందా? "నా కాళ్ళకంటే ఆ డబ్బా ఎక్కువైపోనాదేటే నీకు? దానికి సెమట పడతాదేటి?" అని పొద్దుటి ప్రార్థన మధ్యలోనే సాధించింది. "మీ కుర్చీ కూడా ఇక్కడే వేస్తాను అత్తా, వెచ్చగా ఉంటుంది" అని మెర్లిన్ బతిమాలి ఒప్పించింది.

చుక్కలు తగ్గాయి. కానీ వీడియో బయటికి రావడం మాత్రం నత్తనడకే. అదేమిటో ఆవిడకి అంతుచిక్కలేదు. తెర మూలనున్న బొమ్మలన్నీ ఒక్కొక్కటే నొక్కి చూసింది. అందులో ఒకటి తనెప్పుడూ తెరవనిది. తెరిస్తే కార్డు వేగం పెంచే పలక వచ్చింది. మెమరీ క్లాక్, అంటే మెమరీ వేగం, అన్నచోట మీట కుడివైపు చివరికంటా తోసేసి ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. క్రిస్మస్ ముందు ఒకనాడు తెల్లారగట్ల, కిటికీలోంచి మంచు గదిలోకి పొగలా వస్తుంటే, సైలస్ శాలువా కప్పుకుని ఫోన్లో ఎవరో కుర్రాడి వీడియో చూస్తూ ఇక్కడే కూర్చున్నాడు. "సూడవే, కొత్త కార్డు కొనే పని లేకండా స్పీడు పెంచీసేను. టెస్టు కూడా పాసైపోయింది" అని మురిసిపోయాడు. పాసవకేం చేస్తుంది? ఆ చలికి నీళ్ళబిందె ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి. ఆ చలిలో పరీక్ష పెట్టి, తర్వాత కిటికీలు మూసి, నిప్పులు తెచ్చి పక్కన పెట్టుకున్నారు. కొండమీది వాళ్ళు గనక చేసిన తెలివితక్కువ పని.

"మెమరీ స్పీడు తగ్గించనా?" అని అడిగితే సైలస్ నవ్వేశాడు. "స్పీడు పెంచితే మిషను స్లో ఎలాగవుతాదే? బుర్ర గానీ ఉందా నీకు?"

నిజమే, ఎలా అవుతుంది? మెర్లిన్‌కీ తెలీదు. అందుకే చేసి చూసింది. జి.మాడుగుల దగ్గర గాసి అనే కాఫీ రైతు కూతురి పెళ్ళి వీడియోలో ఒక ముక్క తీసుకుని, మీట కొంచెం వెనక్కి లాగి బయటికి తీసింది. తర్వాత ఇంకొంచెం లాగి మళ్ళీ అదే ముక్క. వెనక్కి లాగిన కొద్దీ పని ముందుగా అయిపోతోంది! తప్పు చూశానేమోనని మీట మళ్ళీ పైకి తోసింది. పని మళ్ళీ నెమ్మదించింది.

ఫోన్లో వెతికి, ఇంగ్లీషులో రాసింది కూడబలుక్కుని చదివింది. ఆ కార్డులో మెమరీ చిప్పులు వేలిగోరంత ఉంటాయి. రెప్ప వేసి తీసేలోగా వాటి మధ్య కోట్లకు కోట్ల అంకెలు అటూ ఇటూ పరిగెడతాయి. వేగం మరీ ఎక్కువైతే దారిలో కొన్ని అంకెలు చెడిపోతాయి. అయినా కార్డు కుప్పకూలదు, కేక వెయ్యదు. చెడిపోయింది పట్టుకుంటుంది, పారేస్తుంది, మళ్ళీ పంపించుకుంటుంది. అదీ చెడితే మళ్ళీ. పైన కూర్చున్నవాడికి ఏమీ తెలీదు. వాడికి కనిపించేది పలక మీద వేగం చూపించే పెద్ద అంకె. లోపల సత్తువంతా చేసిన పనే మళ్ళీ చెయ్యడానికి అయిపోతుంటుంది. ఇంక చాతకానప్పుడు, అప్పుడు చుక్కలు వస్తాయి.

ఎంత అద్భుతం! ఇంత చిన్న రేకు లోపల ఇంత ఓర్పా! మెర్లిన్ కేసు మూత పక్కకి పెట్టి, తిరుగుతున్న ఫ్యాన్ల వెనక కనిపించని ఆ చిప్పుల వైపు అలా చూస్తూ ఉండిపోయింది. ఆకాశంలో చుక్కల్ని చూసినప్పుడు కూడా ఆవిడకి ఇంత వింతగా అనిపించలేదు. దేవుడు చేసినవాటికి ఆశ్చర్యపోవడం చర్చిలో నేర్పారు. మనుషులు చేసిన దానికి ఇలా మనసు మోకరిల్లుతుందని ఎవరూ చెప్పలేదు.

ఆ వెంటనే తన సంగతి గుర్తొచ్చింది. సైలస్ మైకు పెట్టడం మర్చిపోతే చుట్టాల ఫోన్లలోంచి మాటలు ఏరి అతికించింది ఎవరు? వణికిన బొమ్మల్ని నిలబెట్టింది ఎవరు? పెళ్ళికొడుకు పేరు తప్పు రాస్తే, ఎవరూ చూడకముందే మార్చింది ఎవరు? అత్తగారు ఉప్పు రెండుసార్లు వేసిన పులుసుని పారబొయ్యకుండా దారికి తెచ్చింది ఎవరు? ఒక్కసారీ నోరు విప్పి చెప్పలేదే! చెప్పకపోతే ఇల్లు బాగా నడుస్తోందనుకున్నారు. నడుస్తోంది కదా అని ఇంకొంచెం, ఇంకొంచెం తోశారు. సాయంత్రమయ్యేసరికి తనకి ఒంట్లో సత్తువెందుకు ఉండదో, రోజంతా ఏం చేశావని అడిగితే జవాబెందుకు దొరకదో ఆవిడకి మొదటిసారి తెలిసింది. ఏడుపు రాలేదు. తనని చూసి తనకే ఆశ్చర్యం వేసింది. ఇంత పని చేశానా నేను!

మీట కార్డు కంపెనీ పెట్టిన చోటికి తెచ్చి వదిలేసింది. గాసి కూతురి పెళ్ళి ఒక్క చుక్క లేకుండా బయటికి వచ్చింది.

శనివారం గాసి వచ్చాడు. కుంపటి దగ్గర గొంతుక్కూర్చుని తెర వైపు చూశాడు. పసుపు పచ్చగా విరగబూసిన వలిసె చేను మధ్య కూతురు నడిచి వస్తుంటే "అది మా సేనే! అబ్బో, మాదేనా అంత బాగుంటాది?" అని పొంగిపోయాడు. థింసా ఆట వచ్చింది. ఆడవాళ్ళు నడుములు పట్టుకుని వరసగా తిరుగుతున్నారు. గాసి ముందుకి వంగాడు. "మా అమ్మ ఏదీ? తుడుం డప్పు మోగీసరికి ముసల్ది అందరికన్నా ముందు నిలబడి ఆడింది కదా. ఆ ముక్క సూడ్డానికే వచ్చేను."

సైలస్ గొంతు సవరించుకున్నాడు. "అదే బాబాయ్, ఏటి సెప్పమంటావు! మా ఇంటిది తడిసేతుల్తో ముట్టీసి మిషను పాడు సేసింది. ఆ ముక్క మిషను మింగీసింది."

మెర్లిన్ టీ గ్లాసు గాసి చేతికి ఇచ్చింది. ఎప్పుడూ అయితే ఇక్కడ తల దించుకుని లోపలికి వెళ్ళిపోయేది.

"మింగలేదు బాబాయ్" అంది. "మీ అమ్మ ఆడేటప్పుడు ఈయన బంతిలో కూర్చున్నాడు. మాంసం కూర ఎంత బాగుందో ఇంటికొచ్చి తనే చెప్పాడు. కెమెరా ఆపేసి ఉంది, ఇంక మిషను ఏం మింగుతుంది? మిషను చెడింది నా చేతుల వల్లా కాదు. వేగం ఎక్కువ పెట్టింది ఈయన, తగ్గించి బాగుచేసింది నేను. ఇప్పుడు మీరు చూసిందంతా చేసింది కూడా నేనే."

"మెర్లినూ!" అన్నాడు సైలస్. గుమ్మం దగ్గర రాహేలమ్మ నోట ప్రార్థన ఆగిపోయింది.

గాసి సైలస్ వంక చూశాడు, తెర వంక చూశాడు, టీ గుక్కెడు తాగాడు. కోపగిస్తాడనుకుంటే నవ్వాడు. "పోనీలే. ముసల్దానికి పెళ్ళే కావాలేటి ఆడ్డానికి? తుడుం సప్పుడైతే సాలు. రేపు నువ్వే రా అమ్మా తియ్యడానికి. బేగి వచ్చీ, మంచులో ఇంకా బాగుంటాది."

కెమెరా మెర్లిన్ ఎప్పుడూ బయటికి పట్టుకెళ్ళలేదు. కొండ, మంచు, తుడుం, వాటి మధ్య ముసలామె పాదం. అదంతా తన కంటితో, తను ఎంచుకున్న చోట నిలబడి చూడడం!

"వస్తాను బాబాయ్" అంది.

"నువ్వెళ్ళిపోతే ఇక్కడ వంటెవరు సేస్తారు? ఆదివారం పూట సుట్టాలొస్తారు కూడాను. మిషను మీద ఎవరు కూసుంటారు?" సైలస్ గట్టిగా అరిచాడు. అరిచాక గాసి అక్కడే ఉన్నాడని గుర్తొచ్చి నోరు మూశాడు.

మెర్లిన్ కెమెరా సంచీ అందుకుని, బ్యాటరీ ఉందో లేదో తీసి చూసుకుంది.

"మిషను మీద నేనే కూర్చుంటాను, సాయంత్రం వచ్చాక. ప్రేమ్‌కుమార్‌ని రావద్దని చెప్పు. వంటంటావా, ఆకలేసినవాళ్ళు చేసుకోండి."