ఆవిడ దిగని రేవు

ఆ వేసవిలో ఆ ఐస్‌లాండ్ రేవుకు వచ్చిన ఓడల్లో అదే పెద్దది. అది లంగరు వేసిన పూట ఊరివాళ్ల కంటే వీధుల్లో తిరిగే కొత్తముఖాలే ఎక్కువయ్యాయి. అందరూ జలపాతం చూడడానికి బస్సుల్లో కొండెక్కుతుంటే, ఒకాయన్ని మాత్రం స్ట్రెచర్ మీద దించి గుట్ట మీది చిన్నాసుపత్రికి తెచ్చారు.

ఆయన పేరు డీట్మార్, జర్మనీవాడు. ఎప్పుడో పక్షవాతం వచ్చి ఎడమపక్క పడిపోయింది. ఇప్పుడు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి ఆయాసపడుతున్నాడు. ఓడలో ఉంచుకోవడం కుదరదని అక్కడి డాక్టరు చేతులెత్తేశాడు. వెంట భార్య గెర్లిండె వచ్చింది. డెబ్బై దాటిన బక్కపలచని మనిషి, ఒంటిమీద పసుపు వానకోటు. నర్సు స్వాలా ఆయనకు ఆక్సిజన్ పెట్టి, సెలైన్ ఎక్కించినంతసేపూ ఆవిడ నిలబడే ఉంది. కుర్చీ జరిపినా కూర్చోలేదు.

"నా పెట్టె ఓడలో ఉండిపోయింది. తెచ్చుకుంటాను," అంది చివరికి.

"వెళ్లిరండమ్మా. ఓడకీ ఒడ్డుకీ పడవలు తిరుగుతూనే ఉన్నాయిగా," అంది స్వాలా.

సాయంత్రం ఓడ కూత వేసింది. ఆవిడ ఇంకా రాలేదు. స్వాలా రేవులో పనిచేసే తన పినతండ్రి కొడుకు ఎగిల్‌కు ఫోన్ చేసింది.

"ఎగిల్, పసుపు కోటు ముసలావిడ ఒడ్డుకొచ్చిందా?"

"పసుపు కోట్లా? ఓడ నిండా అవే కదే, ఊరికే పంచిపెడతారు వాళ్లకి."

"వేళాకోళం కాదు. ఒక్కతే ఉంటుంది చూడు, సన్నగా."

"ఆవిడా? చివరి పడవలో వెళ్లిపోయిందిగా. చెయ్యందిస్తే పట్టుకోలేదు, తనే ఎక్కింది. ఏం, మొగుణ్ణి నీ దగ్గర తాకట్టు పెట్టిందా?"

"నోర్ముయ్," అని పెట్టేసింది స్వాలా.

ఆయన్ని పడుకోబెట్టే ముందు బట్టలు మార్చడానికి, ఆయనతోపాటు ఓడ నుంచి దించిన సంచీ విప్పింది. నెలకు సరిపడా చొక్కాలు, ఉన్ని టోపీ, గడ్డం గీసుకునే సామాను, మందులు, చెప్పులు, అన్నీ పొందిగ్గా సర్ది ఉన్నాయి. ఆవిడది చేతిరుమాలు కూడా లేదు. అప్పటికప్పుడు సర్దిన సంచీ కాదది.

"గెర్లిండె ఏది?" అన్నాడాయన, ముద్దగా వచ్చే మాటతో.

"పొగమంచు పట్టిందండీ. ఓడ త్వరగా కదలాల్సొచ్చింది. తర్వాతి ఊళ్లో దిగి వచ్చేస్తారు."

ఆయన కిటికీ వైపు చూశాడు. ఆ దేశంలో వేసవిలో రాత్రి పొద్దుపోయేదాకా ఉండే ఎండ దుప్పటి మీద పచ్చగా పరుచుకుని ఉంది. "పొగమంచా, సిస్టర్?" అని మాత్రం అన్నాడు. స్వాలా తెర లాగేసింది.

పొద్దున్నే ఓడకు ఫోన్ చేసింది. చాలాసేపటికి గెర్లిండె గొంతు వినిపించింది.

"బతికే ఉన్నాడా?"

"ఉన్నారు. మిమ్మల్ని అడుగుతున్నారు. ఎలా వెళ్లగలిగారమ్మా మీరు?"

అటువైపు గాలి చప్పుడు. "ఇన్నేళ్లలో ఆయన్ని ఒక్కపూట కూడా ఇంకొకళ్ల చేతుల్లో పెట్టలేదు. నిన్న నువ్వు ఆయన తల పట్టుకున్న తీరు చూశాను. చాలనిపించింది. వెళ్లమని ఆయన అనలేదు. నేనే వచ్చేశాను."

"రాజధానికి తీసుకెళ్లే విమానం రేపొస్తుంది. ఆయన్నొక్కరినే ఎక్కించమంటారా?"

ఫోన్ పెట్టేసిన చప్పుడు వినిపించింది.

ఆ మధ్యాహ్నం స్వాలా ఆయనకు చేపల సూపు తాగించింది. కోపం చెంచా పట్టిన చేతిలోకి వచ్చేసిందేమో, సూపు ఆయన గడ్డం మీద ఒలికింది. తుడుస్తుంటే ఆయన బాగున్న చేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఆమెనేమీ అనకు, సిస్టర్. నేనే వెళ్లమన్నాను. తిమింగలాలు చూడాలని ఎప్పట్నుంచో ముచ్చట."

కాదని స్వాలాకు తెలుసు. తన పొగమంచు అబద్ధాన్ని ఆయన విన్నట్టే, ఆయన చెప్పిన అబద్ధాన్ని తనూ తలవంచి వింది.

పొద్దు వాలాక, ఓడ ఆగిన తర్వాతి ఊరి నుంచి టాక్సీ ఒకటి కొండ దిగి ఆసుపత్రికి వచ్చింది. పసుపు కోటు, చేతిలో పెట్టె, గాలికి కమిలిన మొహం. గెర్లిండె తిన్నగా మంచం దగ్గరికి వెళ్లి, ఈసారి కూర్చుంది.

"తిమింగలాలు చూశావా?" అన్నాడాయన.

"చూశాను. రెండు. ఒకటి చిన్నది."

"చెప్పు."

ఆవిడ మెల్లగా చెప్పింది: నీళ్లు ఎలా లేచాయో, వీపు ఎంత నల్లగా మెరిసిందో. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. ఆయన కళ్ల చివర తడి చేరేదాకా స్వాలా చూసింది, తర్వాత బయటికి వచ్చేసింది.

మర్నాడు విమానం దగ్గర స్ట్రెచర్ ఎక్కిస్తుండగా గెర్లిండె వెనక్కి తిరిగింది.

"నువ్వు ఫోన్ చెయ్యకపోతే నేను వచ్చేదాన్ని కాను. నిన్ను మెచ్చుకోవాలో తిట్టుకోవాలో తెలియట్లేదు, అమ్మాయీ."

ఆవిడ విమానం మెట్లెక్కింది. రాజధానిలో ఆయన బతికాడా లేదా అన్న కబురు ఈ ఊరికి రాలేదు. ఫోన్ చేసి కనుక్కోవచ్చు. స్వాలా ఇప్పటికీ కనుక్కోలేదు.