ఎదురు పరుగు

ఆ మైదానంలో పరుగు దారులకు సున్నపు గీతలు వేసేది ఆయనే కాబట్టి, అందరికీ ఆయన గీతలాయనే. పరిగెత్తేవాళ్ళంతా ఎప్పుడూ ఎడమవైపుకే ఎందుకు తిరుగుతారని ఎవరైనా అడగడమే ఆలస్యం, సున్నం డబ్బా దించేసేవాడు. మొట్టమొదటి మైదానం కట్టించినాయనకి మెడ పట్టేసి ఎడమకి తప్ప తిరిగేది కాదని ఒకరికి చెప్పేవాడు. గడియారాన్ని ఓడించాలంటే దానికి ఎదురు తిరగొద్దూ అని ఇంకొకరికి. అసలు కారణం ఆయనకీ తెలీదు. తెలుసుకోవాల్సిన అవసరం కూతురి ఎడమ మోకాలు పోయేదాకా రాలేదు.

పన్నెండేళ్ళు ఒకటే వైపు తిరిగిన మోకాలది. మలుపు వస్తే బరువంతా లోపలి కాలి మీదే. డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఇది ఇరవై నాలుగేళ్ళ పిల్ల మోకాలా, గానుగెద్దుదా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

ఓ రోజు కూతురు ఉక్రోషంతో ఎదురు దిక్కున పరిగెత్తింది. నొప్పి లేదు. ఆ సంగతి విని కోచ్ మేడమ్ ఒక దారి చూపించింది.

"నాలుగు వందల మీటర్లు ఎదురు తిరిగి యాభై ఆరు సెకన్లలో రా. చెడింది మోకాలొక్కటే, మనిషి కాదని రాస్తా. జట్టులో ఉంచి ఆపరేషన్ చేయిస్తారు. రాలేదంటే పేరు కొట్టేస్తారమ్మా, నా చేతిలో లేదు."

నెల రోజులు తండ్రీ కూతుళ్ళు పొద్దున్నే నాలుగో దారిలో సాధన చేశారు. రోజూ యాభై ఐదే.

"నిజమేనా నాన్నా?"

"గడియారానికి నాలా కోతలు రావే తల్లీ."

పరీక్ష రోజు పొద్దున చెరిగిన గీతలు దిద్దుతూ గీతలాయన టేపు పట్టుకుని అలాగే కూలబడిపోయాడు. బయటి దారి పొడవెక్కువ కాబట్టి, నాలుగో దారివాళ్ళని ముగింపు గీత దాటి ఇరవై రెండు మీటర్లు ముందుకి నిలబెడతారు. కూతురిది ఎదురు పరుగని, నెల కిందట గీతకి రెండో పక్కన ఇరవై రెండు కొలిచి కొత్త గుర్తు పెట్టాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఎదురు పరుగులో పాత మొదలే కొత్త చివర కదా అనుకుని, రోజూ గడియారంతో పాత గుర్తు దగ్గర నిలబడ్డాడు. ఒకటి చేస్తే సరిపోయేదానికి రెండూ చేశాడు. నెల రోజులూ ఆ పిల్ల ఇరవై రెండు మీటర్లు తక్కువ పరిగెత్తింది.

బూట్లు కట్టుకుంటున్న కూతురి దగ్గరికి వెళ్ళి నసుగుతూ చెప్పాడు.

ఆమె లేసు ముడి బిగించింది. "అంటే ఇంకో మూడు సెకన్లు," అంది. "ఇదీ నీ కథల్లో ఒకటే అన్నమాట."

"కాదు తల్లీ..."

"నువ్వు పాత గుర్తు దగ్గరే నిలబడు నాన్నా. మేడమ్‌కి నీ కొలత మీద నమ్మకం."

ఆయన తల ఊపాడు. ముప్పై ఏళ్ళలో దొంగ గీత వేసింది లేదు, అయినా ఊపాడు.

కోచ్ మేడమ్ వచ్చీ రాగానే చెయ్యి చాపింది. "టేపు ఇలా ఇవ్వండి పెద్దాయనా. అనుమానం కాదు, పైవాళ్ళు అడుగుతారు."

టేపు ఇవ్వక ఏం చేస్తాడు? ఆమె కొలిచింది, ఇంకోసారి కొలిచింది. ఆయన వంక చూసి, గడియారంతో తనే వెళ్ళి ముగింపు గీత దగ్గర నిలబడింది.

పిల్ల ప్రాణం పెట్టి పరిగెత్తింది. పాత గుర్తు దాటాక కాళ్ళు బరువెక్కడం ఆయనకి దూరం నుంచే కనిపించింది. యాభై ఎనిమిది. మేడమ్ కాగితం మీద ఏదో కొట్టేసి, పెన్ను మూసింది.

"మధ్యాహ్నం పిల్లల పోటీలున్నాయి. ఆ కొత్త గుర్తు తుడిచెయ్యండి, తికమకపడతారు."

తడి గోనెగుడ్డతో వెళ్ళేసరికి కూతురు సరిగ్గా ఆ గుర్తు మీదే కూర్చుని ఉంది.

"కాళ్ళు తియ్యి తల్లీ."

కుడి కాలు తీసింది. ఎడమ కాలిని రెండు చేతులతో ఎత్తి, ఎవరిదో సామాను జరిపినట్టు పక్కన పెట్టింది. ఆయన వంగి తుడవడం మొదలుపెట్టాడు.