ఉల్క పోయాక మిగిలిన గీత

ఆ వేకువన మబ్బుతునక లేదు. పాలు పితకడానికి కొట్టం వైపు నడుస్తున్న సైమి నెత్తిమీదుగా, మంచుమీద ఆమె నీడ పడేంత వెలుగుతో ఒక ఉల్క రాలింది. రాలింది గాని దాని జాడ పోలేదు. అది వెళ్లిన దారి ఆకుపచ్చగా వెలుగుతూ ఆకాశంలో నిలిచిపోయింది. ఫిన్లాండులో ఆ మూలపల్లెకి కోడలిగా వచ్చిన నాటినుంచీ అదే దారిన నడుస్తోంది, ఇలాంటిది ఎన్నడూ చూడలేదు. వెనక్కి పరుగెత్తి, మొగుడు తైస్టో వేట ఫొటోల కోసం కొనుక్కున్న కెమెరా తెచ్చింది. దడిగుంజ మీద ఉన్ని చేతితొడుగు మడిచిపెట్టి దానిమీద ఆనించింది. వేలు తగిలి అదిరితే చెడుతుందని, నొక్కిన కాసేపటికి దానంతటదే తీసేలా అమర్చి ఊపిరి బిగబట్టింది. పైగాలులు ఆ గీతను మెలితిప్పుతుంటే మళ్లీ మళ్లీ తీసింది. వేళ్లు కొయ్యబారాయి. కొట్టంలో ఆవులు అరిచాయి. అరవనీ, అనుకుంది. తనకోసం తాను ఒకచోట నిలబడి ఎంతకాలమైందో.

"పాలు మానేసి చుక్కలు చూస్తున్నావా తల్లీ? మా కాలంలో తల ఎత్తే తీరికే లేదు," అంది అత్త హిల్యా.

తైస్టో పంపితే ఆదివారం పేపర్లో ఆ ఫొటో వచ్చింది. కింద తైస్టో పేరు. 'వేకువనే పాలు పితకడానికి లేచి కొట్టానికి వెళ్తుంటే కనబడింది' అని అతని మాటలు. ఆవులకి చదువొస్తే పొట్టచెక్కలయ్యేలా నవ్వేవి.

"తీసింది నేను కదా?" అంది సైమి.

"కెమెరా ఎవరిది? ఒకే ఇల్లు. ఎవరి పేరైతేనేం?" అన్నాడు తైస్టో.

"ఎవరిదైనా ఒకటే అయితే నాది వేయించకపోయావా?"

"పేపర్లో మగవాడి పేరుంటే ఇంటికి మర్యాద. దీనికీ పేచీయేనా?" అత్త అందుకుంది.

సైమి పేపరు మడిచి పక్కన పెట్టింది. తను తీసిన వెన్న సంతలో 'తైస్టో గారి వెన్న'. తను పెంచిన దూడలు 'తైస్టో దూడలు'. ఇన్నాళ్లూ నేలమీదవే పోయాయి. ఇప్పుడు ఆకాశంలోదీ పోయింది.

మర్నాడు గడియారం మోగింది. ఆమె కదల్లేదు. తైస్టో మోచేత్తో పొడిచాడు.

"లేవవేం? ఆవులు అరుస్తున్నాయి."

"వేకువనే లేచేది నువ్వని పేపర్లో వేశారుగా. అబద్ధమని ఊళ్లో చెప్పమంటావా?" అని దుప్పటి ముసుగు పెట్టింది.

బాగా తెల్లవారాక వచ్చాడు, మోచేతుల దాకా పేడతో. హిల్యా రై గింజల జావ వడ్డించింది. ముగ్గురూ కూర్చుని తిన్నారు. తైస్టో పాలు పితికి వాచిన వేళ్లు నొక్కుకుంటున్నాడు. సైమి తన గిన్నెలోకి ఇంకాస్త వెన్న వేసుకుంది.