మాత్ర కరిగేదాకా

మూడో చొక్కా సంచిలో పట్టలేదు. అక్క దాన్ని బయటికి తీసి, చుట్టగా చుట్టి, మోకాలితో నొక్కి మళ్ళీ కుక్కింది.

"పెళ్ళికి పంపుతున్నావా, జైలుకా?" అన్నాడు తమ్ముడు. నవ్వబోయాడు గాని దవడలు వణికాయి. మాత్ర పడక రెండు రోజులైంది.

కాలిపోయిన ఫ్యాన్లకు, మోటార్లకు కొత్త రాగి తీగ చుట్టడం తమ్ముడి పని. ఒకప్పుడు మత్తు సూదికి అలవాటుపడి ఆ పనే పోగొట్టుకున్నాడు. అక్క ఆయాగా పనిచేసేది అలాంటివాళ్ళకు వైద్యం చేసే ఆసుపత్రిలోనే. అక్కడి పెద్ద డాక్టరు రోజూ పొద్దున్నే, సూది యావ అణిచే ఒక మాత్ర నాలుక కింద పెట్టించేవాడు. అది పూర్తిగా కరిగేదాకా మనిషి బెంచీ మీంచి కదలకూడదు, నోరు విప్పకూడదు. పక్కన కాపలా కూర్చోవడం అక్క వంతు. వాళ్ళు బదులు చెప్పలేరు కనుక ఊళ్ళో కబుర్లన్నీ వాళ్ళ చెవుల్లోనే పోసేది.

"నోట్లో మాత్ర ఉన్నంతసేపూ నీదే రాజ్యం" అనేవాడు తమ్ముడు, కరిగాక. అటునుంచటే, మళ్ళీ తెరిచిన తన కొట్టుకెళ్ళి చీకటిపడేదాకా తీగ చుట్టుకునేవాడు. చెయ్యి వణికేది కాదు.

పెద్ద డాక్టరు ఆసుపత్రి అమ్మేశాడు. బోర్డు అదే, గోడ మీద ఆయన ఫొటో అదే. కొన్నదెవరో మాత్రం అక్కకు అంతుపట్టలేదు.

"ఒక మనిషి కాదు ఆయమ్మా, కంపెనీ" అన్నాడు కొత్త మేనేజరు.

కాళ్ళు పట్టుకుందామంటే కంపెనీకి కాళ్ళెక్కడుంటాయి? ఇక రోజువారీ మాత్ర లేదు, వైద్యం కావాలంటే లోపల చేరాల్సిందే అన్నారు. చేరుస్తాను, దానికేం అనుకుంది అక్క. ఈ సంచి అందుకే.

ఇద్దరూ ఆసుపత్రికి చేరేసరికి మేనేజరు గది తెరిచే ఉంది.

"ఇతను మీకేమవుతాడు?"

"తోడబుట్టినవాడు బాబూ."

"అదే చిక్కు. ఇక్కడ పనిచేసేవాళ్ళ బంధువుల్ని ఇక్కడ చేర్చుకోకూడదు. కంపెనీ రూలు. పక్క ఊళ్ళో మన బ్రాంచి ఉంది, అక్కడికి తీసుకెళ్ళండి."

"నేనిక్కడ ఉండబట్టేగా వీడు మనిషయ్యాడు! ఇప్పుడదే తప్పయిందా?"

"నన్నడిగితే నేనేం చెప్పను?"

"పోనీ నేను మానేస్తా. ఇప్పుడే. అప్పుడు వీడు మీకు పరాయివాడేగా?"

మేనేజరు తల గోక్కున్నాడు. "మానేసినా తమ్ముడు తమ్ముడే కదమ్మా... ఏమో. పైవాళ్ళని అడగాలి" అంటూ ఫోను తీశాడు. పైన ఎవరున్నారో అతనికీ తెలిసినట్టు లేదు.

అంతలో లోపల గంట మోగింది. ఎవరో మంచం మీదే వాంతి చేసుకున్నారు. ఉద్యోగం మానేస్తానన్న మనిషి కాళ్ళు వాటంతటవే అటు తిరిగాయి. తమ్ముణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి, "కదలకు, నోరు విప్పకు, ఇప్పుడే వస్తా" అంది, అలవాటుకొద్దీ.  నాలుక కింద ఏమీ లేకుండానే పెదవులు బిగించుకున్నాడు. మెడ మీద చెమట, చేతుల మీద నిక్కబొడుచుకున్న వెంట్రుకలు. అక్క ఎంతోమందిలో చూసినవే. చూసి కూడా వెళ్ళింది.

దుప్పటి మార్చింది. నేల తుడిచింది. ఆ ముసలాయన మొహం కడిగింది. తిరిగొచ్చేసరికి బెంచీ ఖాళీ. సంచీ లేదు. సంచి తీసుకెళ్ళాడంటే బ్రాంచికే వెళ్ళి ఉంటాడు. కాదు, సూది దొరికే వీధికి వెళ్ళేవాడికి సంచి అడ్డమా? గేటు దాకా పరుగెత్తి, కుడికి నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి ఎడమకు వేసి, మళ్ళీ గేటు దగ్గరే నిలబడింది.

మేనేజరు కిటికీలోంచి తొంగిచూశాడు. ఫోను ఇంకా చెవికే ఉంది. "లైన్లో ఉండమంటున్నారు ఆయమ్మా."

బ్రాంచిలో అడిగితే అలాంటివాడెవరూ రాలేదన్నారు. బాగుచేయడానికి ఇచ్చిన ఫ్యాన్ల కోసం జనం కొట్టు ముందుకు వస్తే, "దారిలో ఉన్నాడు" అని చెప్పింది కొన్నాళ్ళు. తరవాత వాళ్ళూ రావడం మానేశారు.

చలికాలం మొదట్లో, అలా ఒక మంగళవారం పొద్దున బెంచీ మీంచి లేచి వెళ్ళిన తమ్ముడు మళ్ళీ రాలేదు.