నలిపి చూసిన మెతుకు

మంగళవారం పొద్దుటి షిఫ్టులో నూకరత్నం ఇల్లు బెల్టు మీద వస్తుంది. ముందు పన్నెండు ఊరగాయ జాడీలు, వెనక పన్నెండు, మధ్యలో ఇల్లు. లోపల ఆవిడ ముగ్గురు ఆడపిల్లలూ కూర్చుని చద్దన్నం తింటున్నారు. గోడకి లాటు నంబరు చీటీ సరిగ్గానే అంటించి ఉంది కాబట్టి బెల్టు ఎవరూ ఆపరు.

ఈ జాడీల ఫ్యాక్టరీలో నూకరత్నం ఇరవై రెండేళ్లుగా చెవితో పని చేస్తోంది. వేలి కణుపుతో జాడీని కొడుతుంది. ఖంగుమంటే మంచిది, మూగగా పలికితే బీట ఉన్నట్టు. లాటుకొకటి చొప్పున తీసి బరువుల యంత్రం కింద పెట్టాలి. అది తట్టుకుంటే మిగతావి లారీ ఎక్కుతాయి, లేకపోతే లాటంతా పొడి చేసే తుక్కుమిల్లుకి పోతుంది. తట్టుకున్నదాన్ని కూడా పగిలేదాకా నొక్కుతారు, ఎంతకి పగిలిందో రాసుకోవాలి కదా. ఆవిడెప్పుడూ అన్నిట్లోకీ బాగా మోగినదాన్నే ఏరి తీస్తుంది. అది మోసమని ఆవిడకి తెలుసు. ఒక్క లాటు కూడా పోనివ్వలేదని గర్వం కూడా ఉంది.

సూపర్‌వైజరు సన్యాసిరావు అట్ట పట్టుకుని వస్తాడు. ముగ్గురూ ఒక లాటనీ, ఒకర్ని తియ్యమనీ చెబుతాడు. తన పిల్లలంటుంది నూకరత్నం. బెల్టు మీదకొచ్చినవన్నీ ఎవరో ఒకరి పిల్లలేనంటాడాయన, కోపం లేకుండా. పోనీ తనని పెట్టమంటుంది. ఆయన ఆవిడ నుదుటి మీద కణుపుతో కొట్టి, విని, తల అడ్డంగా ఊపుతాడు.

"నువ్వు పాత సరుకువి రత్నమ్మా. అయినా లాట్లో లేనోలు శాంపిలెలాగవుతారు? అన్నం ఉడికిందో లేదో సూడ్డానికి ఒక్క మెతుకు సాలదేటి?"

నిజమే, చాలు. నలిపి చూసిన మెతుకు ఏమైందని మాత్రం ఎవరూ అడగరు.

పిల్లలు వరసగా నిలబడతారు. అమ్మ కొట్టి చూసేటప్పుడు కదలకూడదని వాళ్లకి పుట్టినప్పటినుంచీ అలవాటే. పెద్దది గౌరికి నాలుగో ఏట జ్వరమొచ్చినప్పటి బీట చెవి దగ్గర సన్నగా పలుకుతుంది. రెండోది పైడికి మట్టి పల్చన. ఏడేళ్ల తులసిని కొడితే షెడ్డులో ఉన్న జాడీలన్నీ తిరిగి పలుకుతాయి.

గౌరిని తీస్తే ముగ్గురూ పోతారు. తులసిని తీస్తే ఇద్దరు మిగులుతారు. ఈ లెక్కలో తప్పేమీ లేదు, లేకపోవడమే ఆవిడ కడుపు కోస్తోంది.

"నేనే బాగా మోగేనా అమ్మా?" అంటుంది తులసి.

"నువ్వే నా తల్లీ."

ఆ మాటకి మురిసిపోయి పిల్ల తనే వెళ్లి యంత్రం కింద కూర్చుంటుంది. వంద కిలోలు పెడతారు. మూడు వందలు. తొమ్మిది వందలకి యంత్రం కాళ్లు వంగిపోతాయి. తులసి చేతికంటిన మెతుకులు నాకుతూ ఉంటుంది. పగలదు. నూకరత్నం సంతోషంతో ఏడుస్తుంది.

సన్యాసిరావూ సంతోషిస్తాడు. ఇంత గట్టిది చెయ్యగలిగినప్పుడు తక్కువది ఎందుకు చెయ్యాలంటాడు. ఇక నుంచి తులసే కొలత. ఆ కొలతకి గౌరి ఆగదు, పైడి ఆగదు.

శాంపిలు నెగ్గితే లాటు నెగ్గినట్టే కదా బాబూ అని నూకరత్నం ఆయన చెయ్యి పట్టుకుంటుంది.

"అది పాత కొలతకమ్మా. పెంచింది నువ్వే కదా, ఏరి ఏరి మంచిదాన్నే తీసి."

తుక్కు చేర్చడం ఆవిడ డ్యూటీయే. చెరొక చెయ్యీ పట్టుకుని ఇద్దరినీ తీసుకెళ్తుంది. మిల్లు నోటి దగ్గర గౌరి ఆగి, మళ్లీ ఒక్కసారి కొట్టి చూడమంటుంది, ఈసారి బాగా మోగుతానంటుంది. నూకరత్నం కొట్టి చూస్తుంది. చెవి అబద్ధం చెప్పదు.

తులసిని గాజు బీరువాలో పెట్టి తాళం వేస్తారు. కొలతని ఎవరూ ముట్టుకోకూడదు, అమ్మయినా సరే. అచ్చు మాత్రం తీసుకుంటారు.

బుధవారం నుంచి బట్టీలోంచి తులసిలు వస్తారు. వరసకి పన్నెండుమంది, జడలు అల్లుకుని, రిబ్బన్లు కట్టుకుని, ఒళ్లంతా సెగలు కక్కుతూ. నూకరత్నం ఒక్కొక్క నుదుటినీ కొట్టి వింటుంది. ప్రతి పిల్లా ఆవిడ మొహంలోకి చూసి, "అక్కలేరమ్మా?" అని అడుగుతుంది. ఆ గొంతు ఏ కాస్త వణికినా ఆవిడ బీట అని రాసుకుని మిల్లు వైపు తోస్తుంది. ఇంతవరకూ ఒక్కరూ వణక్కుండా అడగలేదు.