కంచె బయట అమ్మ

"పదకొండే కుట్టు. ఊకె ఆకులు పాడుచెయ్యకు" అన్నది మా అత్త సుబ్బరత్నం.

మోదుగాకులతో విస్తళ్లు కుట్టడం నాకు అమ్మ నేర్పింది. అత్తగారివాళ్ల బొందలగడ్డ టేకులపల్లి దాటాక అడవిలో ఉంది. ఏడాదికొకసారి సారపాక నుంచి వ్యాన్ మాట్లాడుకుని అందరం వెళ్తాం. అక్కడే వండి, ఒక్కో సమాధి ముందు ఒక్కో విస్తరి పెట్టి, మేమూ తిని సాయంత్రానికి తిరిగొస్తాం. పిల్లలు దాన్ని పిక్నిక్ అంటారు. మసాలా నూరేదీ, గిన్నెలు తోమేదీ నేనే కాబట్టి నేను అలా అనను.

ఆ గడ్డలో పన్నెండో సమాధి మా అమ్మ భీమక్కది. నాకు టీచరు ఉద్యోగం రాగానే పిల్లల్ని చూసుకోవడానికి వచ్చి, ఎనిమిదేళ్లు మా ఇంట్లోనే ఉంది. పక్షవాతంతో మంచానపడ్డ మామ తల్లిని ఎత్తి కడిగింది కూడా ఆమే. మా పుట్టింట్లో మొదట డిగ్రీ చదివింది నేను. ఆ చదువు ఉద్యోగంగా నిలబడింది మాత్రం అమ్మ రెక్కల మీద. ఆమె పోయినప్పుడు "మన ఇంటిపేరు గాదు గదా" అని గునిసి, చివరికి గడ్డ అంచున చోటిచ్చారు. అదే మహాభాగ్యమనుకుని దండం పెట్టాను.

ఈసారి వెళ్లేసరికి చుట్టూ కొత్త కంచె ఉంది. అమ్మ సమాధి దాని బయట పడింది. మట్టి నిండా మేకల గిట్టల గుర్తులు.

"ఇదేంది?" అని నా భర్త రవీందర్‌ని అడిగాను.

"తీగ సక్కగ లాగితె గట్లొచ్చింది."

"అమ్మ బయట పడ్డది."

"సచ్చినోళ్లకు లోపలేంది, బయటేంది? సదువుకున్నదానివి, గిట్ల మాట్లాడ్తవా?"

"మీ అమ్మకు ఇంటికాడ విస్తరి పెట్టుకో తల్లీ, ఎవలొద్దన్నరు?" అన్నది అత్త, పొయ్యిలోకి కట్టె ఎగదోస్తూ.

అన్నం వార్చాను, పదకొండు విస్తళ్లలో వడ్డించాను. మామ దూలయ్య ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలిచాడు. తన తల్లిని పిలుస్తూ కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. ఆ తల్లి ఒళ్లు చివరిదాకా తుడిచిన మనిషి ఇరవై అడుగుల దూరంలోనే ఉన్నదని ఆయనకు తోచలేదు.

తినేటప్పుడు మామ ఎడమచేత్తో ఖాళీ జాగా చూపించాడు. "అది నాది, పక్కన మీ అత్తది. ఆ టేకుచెట్టు కాడ రవీందర్, ఆని పక్కన నువ్వు. కంచె పడ్డది, ఇగ ఫికర్ లేదు బిడ్డా."

అందరూ నవ్వారు. ఆయన ప్రేమగానే అన్నాడు.

"నన్ను అమ్మ పక్కన పెట్టుండ్రి మామా" అన్నాను.



"పిచ్చి లేసిందా?" అన్నాడు రవీందర్. "మొగుడు లోపల, పెండ్లాం బయటనా? నలుగురు నవ్వరా?"

నేను ఇంకొంచెం కూర వేసుకున్నాను.

"బయట జాగ శానా ఉన్నది. రావాలనుకుంటే నువ్వూ రా."