ఎనిమిదో పాఠం: విశ్రాంతి

"ఎస్తోయ్ దెస్కన్సాందో" అంది ఇయర్‌ఫోన్లోంచి చెవిలో పంతులమ్మ. నేను విశ్రాంతి తీసుకుంటున్నాను అని అర్థం. "ఎస్తోయ్ దెస్కన్సాందో" అని ఆమె కూడా అంది, మాడిపోయిన గిన్నె అడుగుని పీచుతో బరబరా రుద్దుతూ.

స్పానిష్ మీద మోజు పుట్టి మొదలుపెట్టింది కాదు. ఆమె పనిచేసే హోటల్‌కి ఆ భాషవాళ్ళు ఎక్కువగా వస్తున్నారు, రిసెప్షన్లో ఒకరు నేర్చుకోవాలన్నాడు మేనేజరు. అక్కడున్న మగవాళ్ళిద్దరూ ఇంటికెళ్తే తీరికుండదన్నారు. "మేడమ్ నేర్చుకుంటారు లెండి. సాయంత్రాలు ఇంట్లోనేగా ఉండేది" అని ఆయనే తేల్చేశాడు. ఇంట్లో ఉన్న ఆడది ఖాళీగా ఉంటుందని ఆ మహానుభావుడికి ఎవరు చెప్పారో! తీరా మొదలెట్టాక ఆ పాఠాలే ఆమెకి ప్రాణమైపోయాయి. ఎవరూ వంకపెట్టలేని మాటలు నాలుగు తనకంటూ దొరికాయి. "గిన్నెలతో కూడా మాట్లాడుతోంది నీ పెళ్ళాం" అని అత్తగారు కొడుకుతో అంది. "ఉన్న భాషలోనే మర్యాదగా మాట్లాడటం రాదు, ఇంకోటెందుకు?" అన్నాడు ఆయన.

ఆదివారం సాయంత్రం ఫోన్లో పరీక్ష. తప్పితే హోటల్ వాళ్ళు క్లాసు మాన్పించేస్తారు. తీరిక దొరికితే ఏం చేస్తారు అని పంతులమ్మ అడుగుతుంది, జవాబు చెప్పాలి. పాటలు వింటాను, ఓ కునుకు తీస్తాను, పార్కులో నడుస్తాను... పుస్తకంలోవన్నీ నోటికొచ్చాయి. వాటిలో ఒక్కటీ తనది కాదు. పెళ్ళయ్యాక పగటిపూట నడుం వాల్చింది పురిటి మంచం మీదేనని గుర్తొచ్చి, సింకు ముందు నిలబడే ఏడ్చేసింది.

ఆదివారం సరిగ్గా పరీక్ష వేళకే భర్త ముగ్గురు స్నేహితుల్ని వెంటేసుకొచ్చాడు. పరీక్ష సంగతి పొద్దునే చెప్పాను కదా అంటే, "ఫోన్లో మాట్లాడేదేగా. టీ పెడుతూ మాట్లాడు" అన్నాడు.

టీలు పట్టుకుని హాల్లోకి వెళ్ళింది. ఎవరి కుర్చీల్లో వాళ్ళు జారబడి ఉన్నారు.

"మా ఆవిడ స్పానిష్ దంచేస్తుందిరా! ఏదీ, మావాళ్ళకో ముక్క వినిపించు."

పడగ్గదిలో ఫోన్ మోగుతోంది. ట్రే బరువుకి చేతులు లాగుతున్నాయి.

"ఎస్తోయ్ కన్సాదా. కియెరో సెంతార్మె" అంది.

అందరూ చప్పట్లు కొట్టారు. "అంటే ఏంటి వదినా?" అన్నాడొకడు. ఆమె నోరు తెరిచేలోపే భర్త అందుకున్నాడు.

"ఏముంటుందిరా, మీరొచ్చినందుకు మహా సంతోషంగా ఉందంటోంది."

ఒక్కసారిగా ఆమెకి ఒళ్ళు మండింది. వేరే దేశపు మాట తెచ్చుకున్నా దానికి అర్థం కూడా ఈయనే చెప్పాలా? ట్రే తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో పెట్టింది.

"కాదు. అలిసిపోయాను, కూర్చోవాలనుంది అన్నాను. టీలు మీరివ్వండి."

గదిలోకెళ్ళి గడియపెట్టి ఫోనెత్తింది. మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. తీరిక దొరికితే ఏం చేస్తారు అని అడిగింది పంతులమ్మ. బయట అత్తగారు తలుపు బాదుతోంది. పంచదార డబ్బా ఎక్కడుందని భర్త అరుస్తున్నాడు.

ఏ పుస్తకంలోనూ లేని జవాబు, కూడబలుక్కుంటూ స్పానిష్‌లో చెప్పింది.

"బయట నన్ను పిలుస్తున్నారు. నేను లేవడం లేదు."